నమ్మకమైన సాక్షి



ఈ నెల మేము ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెట్టవలసియున్నది. బోధకులు ఇతరుల తప్పులను గూర్చి వ్రాయుట సులభము. తమ తప్పును గూర్చి వ్రాయునప్పుడు కలము బరువెక్కును. అయినను ఈ సంగతి మీలో కొందరికైనా ఉపయోగపడునని నమ్మి వ్రాయుచున్నాము.

2024 డిసెంబరు 4వ తేదీ, బుధవారము, ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు జిల్లాలో భూమి కంపించినది. దాని తీవ్రత 5.3. హైదరాబాదు మొదలుకొని విజయవాడ వరకు ఎందరికో ఆ అదురు తెలిసినది. మా సంఘమున్న ఊరు ఆ అడవులకు ఎక్కువ దూరము కాదు. పొయ్యిమీద టీ గిన్నె కదిలినది. అటకమీది స్టీలు సామాను గలగలమన్నది. జనులు పిల్లలను చంకనెత్తుకొని వీధిలోనికి పరుగెత్తారు. కొన్ని సెకండ్లలో అంతా అయిపోయినది. ప్రాణనష్టము జరుగలేదు. కాని ఆ రాత్రి అనేకులు ఆరుబయటనే మంచాలు వేసుకొన్నారు. ఈ రాత్రి ఇంకా పెద్దది వచ్చునని ఎవరో పంపిన మాట ఒక ఫోనునుండి మరియొక ఫోనుకు తిరిగినది.

మరుసటి ఆదివారము ఆగమనకాలపు రెండవ ఆదివారము. మందిరము నిండిపోయినది. అన్ని దినములు రానివారు కూడా ఆ దినము వచ్చారు. మేము ఆ భయమును చూచి, ఇదే మంచి సమయమనుకొన్నాము. పాపమున్న ఊరిని దేవుడు అదిలించుననియు, పాపమున్న ఇంటిని ముట్టుననియు గట్టిగా చెప్పాము. జనులు ఏడ్చారు. కానుక ఎక్కువ వచ్చినది. మంచి ప్రసంగము చేశామని మేమును తృప్తిపడ్డాము.

ఆ తరువాత రెండు ఆదివారములు మా సంఘములోని ఒక అవ్వ కనబడలేదు. క్రిస్మసు ఆరాధనకు కూడా రాలేదు. ఇరువది ఏండ్లుగా మొదటి గంటకే వచ్చి, చాప పరచి, ముందు వరుసలో కూర్చుండు విధవరాలు ఆమె. మా బైబిలు స్త్రీగారు వెళ్లి చూచి వచ్చి మాతో చెప్పిన సంగతి ఇది. ఆ అవ్వ ఇంటి పడమటి గోడ ఆ ఉదయమున నిలువునా బీటవారినది. ఆమె ఇట్లన్నదట:

"అయ్యగారు చెప్పిండు గదమ్మా, పాపమున్న ఇంటినే దేవుడు ముట్టుతడని. వాడకట్టుల అందరి గోడలు మంచిగనే ఉన్నయి. నా గోడే పగిలింది. కోడలుతోని రెండేండ్ల సంది మాటలు లేవు నాకు. ఇంక ఏం మొఖం పెట్టుకొని బల్లకాడికి రావాలె?"

ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆ దినములలోనే మా సంఘపెద్ద కుమారుడు పండుగకు ఇంటికి వచ్చియుండెను. ఉస్మానియా విశ్వవిద్యాలయములో భూభౌతిక శాస్త్రము చదువుచున్న పిల్లవాడు. మేము అతనిని పిలిచి, భూమి అదిరినదని యంత్రమునకు ఎట్లు తెలియునని అడిగాము. అతడు చెప్పిన సంగతులు, ఆ తరువాత మేము చదివి తెలిసికొన్నవి, మీకు అర్థమగునట్లు వ్రాయుచున్నాము.

బస్సులో నిలుచున్నవాడు, బస్సు హఠాత్తుగా కదిలితే వెనుకకు తూలును. కాళ్లు బస్సుతో కదిలినవి గాని శరీరము ఉన్నచోటనే ఉండగోరినది. భూకంపమును కొలుచు యంత్రములలో ఎక్కువభాగము ఈ ఒక్క సత్యముమీద ఆధారపడియున్నవి. భూమితోపాటు పెట్టె కదులును. పెట్టెలో స్ప్రింగుకు వ్రేలాడు బరువు కదలక వెనుకబడును. ఆ తేడాను కొలుతురు. 1880 ప్రాంతములో జపానులో పనిచేయుచున్న జాన్ మిల్న్, జేమ్స్ ఈవింగ్, థామస్ గ్రే అను బ్రిటిషు విద్వాంసులు ఈ విధముగా మంచి యంత్రములు చేశారు. తరువాత వచ్చిన యంత్రములు ఎంతో సున్నితమైనవి. కాని ఆ సున్నితత్వమే వాటికి ఇబ్బంది. స్ప్రింగు దెబ్బతినకూడదు, పెట్టె ఒరుగకూడదు, తీసికొనిపోవునప్పుడు బరువును కదలకుండ బిగించవలెను.

ఇప్పుడు ఇంకొక విధమైన సాధనము గలదు. దానిలో ఇనుప బరువు లేదు, స్ప్రింగు లేదు. దానిలోని బరువు నీరే. "అయ్యగారూ, దెబ్బ తగిలితే మీరు పిల్లలకు రాసే అయోడిన్ ఉంది చూడండి, దాని చుట్టమే దీంట్లో ఉంటుంది" అని ఆ పిల్లవాడు నవ్వాడు.

ఒక చిన్న గొట్టము. దాని రెండు కొనలను సాగు గుణముగల పలుచని పొరలతో మూసియుంతురు. లోపల నీరు, ఆ నీటిలో పొటాషియం అయోడైడు గాని లిథియం అయోడైడు గాని కరిగించి, కొద్దిగా అయోడిను కలుపుదురు. గొట్టము నడుమ ప్లాటినముతో చేసిన నాలుగు సన్నని జాలీలు నిలుపుదురు. ఒకదానికొకటి తగులకుండ వాటి మధ్య రంధ్రములుగల పింగాణీవంటి పలకలుండును. బయటి రెండు జాలీలు ఆనోడులు, లోపలి రెండు కాథోడులు. వాటికి ఒక వోల్టుకంటే తక్కువ విద్యుత్తు ఇత్తురు. కాథోడువద్ద అయోడిను ఎలక్ట్రానులను పుచ్చుకొని అయోడైడుగా మారును. ఆనోడువద్ద అయోడైడు ఎలక్ట్రానులను ఇచ్చివేసి మరల అయోడినుగా మారును. ఒకచోట ఇచ్చినది మరియొకచోట పుచ్చుకొనబడును గనుక ఆ ద్రవము తరిగిపోదు. నీరు నిశ్చలముగా ఉన్నంతసేపు ఒక చిన్న కరెంటు రెండు వైపుల సమానముగా పారుచుండును.

భూమి కదిలినప్పుడు గొట్టము భూమితోపాటు కదులును. లోపలి నీరు బస్సులోని మనిషివలె వెనుకబడును. అనగా ఆ జాలీలగుండా నీరు కొంచెము ప్రవహించును. అప్పుడు ఒక కాథోడుకు అయోడిను ఎక్కువగా చేరును, రెండవదానికి తక్కువగా చేరును. రెండు కరెంటులలో తేడా వచ్చును. ఆ తేడాయే భూమి ఇచ్చిన వార్త. మన కాలికి తెలియని కదలికను కూడా ఆ నీరు పసిగట్టును.

ఈ ఆలోచన నేటిది కాదు. 1950ల దశాబ్దములో అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో ఇటువంటి ద్రవపు పరికరములను చేసి వాటికి సోలియాన్ అని పేరు పెట్టారు. తరువాత మాస్కోలోని భౌతిక సాంకేతిక విద్యాసంస్థలో దీనిమీద చాలా పరిశోధన జరిగినది. చైనా శాస్త్రవేత్తలు ఆ జాలీలను సిలికాను పలకలమీద ఇంకను చిన్నవిగా చేయు పద్ధతులు కనుగొన్నారు. ఈ సాధనము కొంచెము ఒరిగినను పనిచేయును. కుదుపులకు త్వరగా చెడదు. అందుచేత ఓడమీదనుండి సముద్రములోనికి దింపి, అడుగున బురదలో ఎట్లు కూర్చున్నను వినగలుగునట్లు దీనిని వాడుచున్నారు. దీనికి బలహీనతయు గలదు. వేడి చలి మారినప్పుడు ద్రవపు స్వభావము మారును గనుక, ఆ తేడాను సరిచేయు ఏర్పాటు కూడా దానిలో ఉండవలెను.

మేము అడిగాము: "రేపు భూకంపము వచ్చునని ఇది చెప్పగలదా?"

"చెప్పలేదు అయ్యగారూ. లోకములో ఏ యంత్రమూ ఫలానా రోజున, ఫలానా గంటకు వస్తుందని చెప్పలేదు. వచ్చినదాన్ని మాత్రము నిజముగా చెప్తుంది."

భూకంపము పుట్టిన చోటనుండి మొదట వేగముగల అల బయలుదేరును. అది గట్టి నేలలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోవును. ఎక్కువగా ఊపు రెండవ అల సుమారు మూడున్నర కిలోమీటర్లే పోవును. కాబట్టి 100 కిలోమీటర్ల దూరములో ఉన్నవారికి మొదటి అల వచ్చిన తరువాత రెండవది వచ్చుటకు పండ్రెండు సెకండ్లు పట్టవచ్చును. కొన్ని దేశములలో ఆ కొద్ది వ్యవధిలోనే హెచ్చరిక పంపి రైళ్ల వేగము తగ్గింతురు. సునామీకైతే ఇంకను ఎక్కువ సమయము దొరకును. 2004 డిసెంబరు 26న సునామీ మన తీరమును కొట్టిన తరువాత, 2007లో హైదరాబాదులోనే సునామీ హెచ్చరిక కేంద్రము మొదలైనది. సముద్రపు అడుగున భూమి కదిలితే అక్కడివారు నిమిషములలో కనిపెట్టి తీరములకు కబురు పంపుదురు. వినువారు ఉన్నందున మత్స్యకారుల పిల్లలకు పరుగెత్తుటకు సమయము దొరకును.

ఇవన్నియు చెప్పి ఆ పిల్లవాడు కొంచెము సంకోచించి ఒక మాట అన్నాడు. "అయ్యగారూ, తప్పుగా అనుకోవద్దు. ఆ సాధనము భూమి ఎప్పుడు కదిలింది, ఎంత కదిలింది అని చెప్తుంది. పది చోట్ల సాధనాలు చెప్పింది కలిపితే ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ఎవరికోసము కదిలింది అని మాత్రము ఏ సాధనమూ చెప్పదు."

ఆ మాట మాకు సూటిగా తగిలినది. యంత్రము తనకు తెలిసినంతే చెప్పినది. మేము మాకు తెలియనిదానిని కలిపి చెప్పాము. ఇద్దరిలో నమ్మకమైన సాక్షి ఎవరు?

ఇంటికి వచ్చి లూకా సువార్త 13వ అధ్యాయము తెరిచాము. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిరి. వారు యెరూషలేములోని మిగిలినవారికంటే ఎక్కువ అపరాధులని తలంచుచున్నారా అని ప్రభువు అడిగి, కాదని తానే జవాబిచ్చెను. ఆయన మారుమనస్సును గూర్చి బోధించుట మానలేదు. కాని ఆ బోధను గోపురము క్రింద పడినవారి తలమీద మోపలేదు. విన్న అందరి యెదుట ఉంచెను. ఎన్నో పర్యాయములు చదివిన వచనములే. మా ప్రసంగము ప్రభువు కాదన్నదానినే ఔనన్నది. 1 రాజులు 19వ అధ్యాయమును కూడా చూచాము. ఏలీయా యెదుట భూకంపము వచ్చినది, అయితే ఆ భూకంపములో యెహోవా లేడని వ్రాయబడియున్నది. ఏలీయా ఆయన మాటను విన్నది తరువాత వచ్చిన మెల్లని స్వరములో.

మరునాడు ఉదయమే ఆ అవ్వ ఇంటికి వెళ్లాము. ఆమె మమ్మును చూచి కొంగు సర్దుకొని లేవబోయినది. మేము నేలమీదనే కూర్చుండి, "అవ్వా, ఆ ఆదివారము మేము చెప్పినది తప్పు. దేవుడు చెప్పని మాటను దేవుడు చెప్పినట్లు చెప్పాము. మమ్మును క్షమించవలెను" అని చెప్పాము.

ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "మరి నా గోడ ఎందుకు పగిలింది అయ్యగారూ?" అని అడిగినది.

అది న్యాయమైన ప్రశ్న. మాకు జవాబు తెలియదు గనుక ఈసారి మేము ఊహించి చెప్పలేదు. సంఘములోని తాపీమేస్త్రీని పిలిపించాము. అతడు గోడను తట్టి, పునాదివద్ద పలుగుతో కొంచెము గీకి చూచాడు. "ఇది మట్టితో కట్టిన గోడ అయ్యగారూ. చూరు నీళ్లు ఏండ్ల తరబడి ఇక్కడనే పడ్డాయి. అడుగు నానిపోయింది. పైన బెల్టు లేదు. ఎట్లయినా ఒకనాడు పగిలేదే, ఆ రోజు అదురుకు పగిలింది" అన్నాడు.

అవ్వ ఆ గోడవైపు చూచి, "అయితే కోడలి సంగతి?" అన్నది.

"అది వేరే సంగతి అవ్వా. అది సరిచేసికోవలసినదే. గోడ పగిలినందుకు కాదు, ఆమె నీ కోడలైనందుకు."

ఆమె ఏమియు అనలేదు. మాకు మజ్జిగ ఇచ్చినది.

జనవరి మొదటి ఆదివారమున బల్ల ఆరాధనకు ముందు, ఆ అవ్వ పేరు చెప్పకుండ, మా ప్రసంగమును వెనుకకు తీసికొనుచున్నామని సంఘము యెదుట చెప్పాము. ఆరాధన అయిన తరువాత పెద్దలలో ఒకరు మమ్మును ప్రక్కకు పిలిచి, "పాస్టరుగారు ఇట్లు చెప్పుకొంటే జనులకు భయము పోతుంది" అన్నారు. మేము ఆలోచించాము. పోవలసిన భయము పోనిండు. యంత్రము మాపై వేసిన లెక్కను మేము దాచితే, సంఘములో అబద్ధము దేవుని పేరున నిలిచియుండును. దైవభయము అబద్ధముమీద నిలువదు.

ప్రియులారా, ఇక్కడ ఒక సంగతి గమనించుడి. ఆ గొట్టములోని నీరు వినగలుగుట దేనివలన? నిశ్చలముగా ఉండుటవలన. దానిలో ముందే అలలు రేగుచుండినయెడల భూమి ఇచ్చిన కబురేదో, తన కలవరమేదో అది వేరుచేయలేదు. ఆ ఆదివారము మాలో అలలు రేగుచుండెను. నిండిన మందిరమును చూచిన ఉత్సాహము, గొప్ప ప్రసంగము చేయవలెనను ఆశ. అందుకే ముందు వరుసలో కూర్చున్న విధవరాలి హృదయము బీటవారిన చప్పుడు మాకు వినబడలేదు. మీ ఇంటిలో కూడా చూచుకొనుడి. భర్త మాటలాడని మాట, కుమార్తె తినక వదలిన అన్నము, వృద్ధుడైన తండ్రి దీర్ఘముగా విడుచు నిట్టూర్పు చిన్న కదలికలే. కలవరములేని మనస్సుకే అవి తెలియును.

దేవునిపై నమ్మికయుంచి చేతులు కట్టుకొని కూర్చుండుడని మేము చెప్పుట లేదు. 1993 సెప్టెంబరు 30న తెల్లవారక ముందే మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతములో భూకంపము వచ్చి పదివేలమందికి దగ్గరగా చనిపోయిరి. అనేకులను చంపినది ఇండ్ల బరువే. మట్టితో పేర్చిన దొడ్డు రాతిగోడలు, పైన మందమైన మట్టికప్పు నిద్రించుచున్నవారిమీద పడెను. మన ప్రాంతమునకును భూకంపములు క్రొత్తవి కావు. 1967లో ఒంగోలులోను, 1969లో భద్రాచలములోను భూమి అదిరినది. గోదావరి లోయ క్రింద భూమిలో పాత పగుళ్లు ఉన్నవని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

కాబట్టి ఇల్లు కట్టువారు మేస్త్రీతో మాటలాడి పునాదిపైన, తలుపుల పైన, కప్పు క్రింద ఇనుప కడ్డీలతో కాంక్రీటు బెల్టు నాలుగు గోడల చుట్టును తెగకుండ వేయించుడి. గోడ మూలలను విడివిడిగా కాక కలిపి కట్టించుడి. చూరు నీరు పునాదిలో పడకుండ చూచుకొనుడి. మంచము పైన అటకమీద బరువులు పెట్టకుడి. అదురు వచ్చినప్పుడు లోపల ఉన్నవారు గట్టి బల్ల క్రిందనో మంచము క్రిందనో దూరి తలను కాపాడుకొనవలెను. బయట ఉన్నవారు గోడలకు, కరెంటు తీగలకు దూరముగా నిలువవలెను. అదురు ఆగిన తరువాత గ్యాసు కట్టివేయుడి. బీటవారిన ఇంటిలోనికి వెంటనే పోకుడి, వెనుక చిన్న కంపములు రావచ్చును. ఈ రాత్రికి వచ్చునని ఫోనులో తిరుగు మాటను నమ్మకుడి, ఇతరులకు పంపకుడి. అది కూడ అబద్ధ సాక్ష్యమే.

ఫిలిప్పీ చెరసాలలో భూకంపము వచ్చిన రాత్రిని జ్ఞాపకము చేసికొనుడి. చెరసాల నాయకుడు భయముతో కత్తి దూసి తన్ను తాను చంపుకొనబోయెను. అతనిని బంధించి ఉంచినవాడని పౌలు అతనికి శాపము పెట్టలేదు. హాని చేసికొనవద్దని కేకవేసి ఆపెను. భూమి అదిరిన గడియలో సంఘము చేయవలసిన పని అదే. భయపడినవానిని మొదట బ్రదికించవలెను. సువార్త ఆ తరువాత అతని ఇంటనే చెప్పబడెను.

మా యౌవనస్థులు ఫిబ్రవరిలో ఆ అవ్వ పడమటి గోడ దించి, ఇటుకతో మరల కట్టారు. ఇటుకలకు క్రిస్మసు కానుకలోనుండి ఇచ్చాము. ఆ కానుక ఏ ప్రసంగమువలన వచ్చినదో మాకు తెలియును గనుక దానిని అక్కడ ఖర్చుపెట్టుటయే తగినదని సంఘపెద్దలు ఒప్పుకొన్నారు. ఆ అవ్వ మరల వచ్చుచున్నది. అయితే ముందు వరుసకు ఇంకను రాలేదు, తలుపు దగ్గరనే కూర్చుండుచున్నది. మేము తొందరపెట్టలేదు. కోడలితో మాటలు కూడ ఇంకను కలియలేదు. గోడ కట్టిన దినమున మాత్రము ఆ కోడలు పనివారందరికి అన్నము వండి గిన్నెతో పంపినది. అవ్వ ఆ గిన్నె కడిగి, ఉట్టిగా పంపకుండ అందులో ఇన్ని కందులు పోసి పంపినదని బైబిలు స్త్రీగారు చెప్పారు.

ప్రార్థన: మా తండ్రీ, నీవు పలుకనిదానిని నీ పేరున పలికిన మా పెదవులను క్షమించుము. మా కలవరమును అణచి, పొరుగువారి చిన్న కదలికను వినగల మనస్సు మాకు దయచేయుము. భూమి అదిరిన దినమున ఒకరినొకరు కాపాడుకొను చేతులు మాకిమ్ము. ప్రభువైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమెన్.